గోదావరి డెల్టాలో జినియా: తెగులు ఎందుకొస్తుంది, పువ్వు అన్నాళ్లు ఎలా ఉంటుంది, ఆ పేరు ఎవరిది

నమస్తే అండి. పాలకొల్లు దగ్గర మీ ఊళ్లో, వినాయక చవితి ముందు కడియం నర్సరీ నుంచి తెచ్చిన జినియా మొక్కలు నెల రోజులు విరగబూశాయని రాశారు. దసరా దాటేసరికి కింది ఆకుల నుంచి మచ్చలు మొదలై మొక్కలు ఎండిపోతున్నాయని, గంధకం కొట్టినా ఆగలేదని చెప్పారు. మట్టిలో ఏమన్నా లోపమా, అసలు ఈ పువ్వు ఎన్నాళ్లు నిలవాలి, సంక్రాంతికి పూయాలంటే ఎప్పుడు వేసుకోవాలి అని అడిగారు. మీ పాప "జినియా అంటే ఏమిటి" అంటే చెప్పలేకపోయానని కూడా రాశారు. అన్నిటికీ చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మట్టి సంగతి. మీ మట్టికి ఏ లోపమూ లేదు. ధవళేశ్వరం దిగువన ఉన్న మన నేలకి బలం తక్కువని ఎవరూ అనలేరు, జినియాకి కావలసిన దానికంటే ఎక్కువే ఉంది. మీ మొక్కల్ని తీసింది తడి. అది కూడా వేరు దగ్గర తడి కంటే ఆకు మీద తడి, చుట్టూ గాలిలో తడి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే జినియా గురించి మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

జినియా పుట్టిల్లు మెక్సికో. తుప్పలు, పొడి గడ్డి ఉండే, ఎండ తీక్షణంగా కాసే, నీరు నిలవని నేలల్లో పెరిగిన మొక్క అది. మనం పెరట్లో పెంచే పెద్ద పువ్వుల రకం జినియా ఎలిగాన్స్. దాని ఆకు మీద వేలు పెట్టి రాయండి, గరుకుగా తగులుతుంది. కాండం మీద కూడా నూగు ఉంటుంది. ఎండని, వేడిని బాగా ఓర్చుకుంటుంది. కానీ రాత్రంతా తడిసి, పొద్దున్న పది దాటినా ఆరని ఆకుతో బతకడం దానికి చేతకాదు.

మన దగ్గర జూన్‌లో కాలువలకి నీరు వదిలిన దగ్గర్నుంచి సార్వా, అంటే వానాకాలం వరి, కోతల దాకా ఊరి చుట్టూ చేలన్నీ నీళ్లలోనే ఉంటాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇదే మన బతుకు, మన అన్నం. వరికీ కొబ్బరికీ అరటికీ ఆ తడే ప్రాణం. జినియాకి మాత్రం అది సరిపడదు. దానికితోడు అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే మూడేసి రోజులు ముసురు. మీ మొక్కలు సరిగ్గా ఆ రోజుల్లో నిండు పూతలో ఉన్నాయి. ఆకులు గుబురుగా కమ్ముకుని గాలాడని సమయం అది. వినాయక చవితికి తెచ్చి నాటిన జినియా దసరాకి పాడవడం డెల్టాలో మామూలే. మీ చేతిలో తప్పేం లేదు, బెంగ పెట్టుకోకండి.

ఇప్పుడు మందు ఎందుకు పనిచేయలేదో చెప్తాను. జినియా ఆకుకి మన దగ్గర ముఖ్యంగా మూడు తెగుళ్లు వస్తాయి. మూడిటికీ వేరు వేరు వైద్యం. ఏది వచ్చిందో తెలియాలంటే కింది నుంచి ఒక ఆకు తుంచి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడాలి. గోధుమ లేదా ఎర్రమట్టి రంగు మచ్చ ఉండి, ఆ మచ్చ నడిమధ్య బూడిదరంగుకి తిరిగి, కొన్నిచోట్ల రాలి చిల్లు పడిందనుకోండి. అది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమచ్చ. మచ్చ ఈనెల మధ్య ఇరుక్కుని మూలలు తేలినట్టుండి, చుట్టూ పసుపుపచ్చటి అంచు కనబడితే అది బ్యాక్టీరియా మచ్చ. పసుపు అంచు వెలుతురుకి పెడితేనే బాగా తెలుస్తుంది, మామూలుగా చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. ఇక మూడోది బూడిద తెగులు. ఆకు పైన విభూతి చల్లినట్టు తెల్లగా పడుతుంది, వేలితో తుడిస్తే కొంత వస్తుంది.

మీరు కొట్టిన గంధకం బూడిద తెగులుకి మందు. మీకు వచ్చింది, మీరు రాసిన లక్షణాలను బట్టి, ఆకుమచ్చ. దాని మీద గంధకం పెద్దగా పనిచేయదు. ఆల్టర్నేరియా అయితే లీటరు నీటికి రెండు, రెండున్నర గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రాల మందు కలిపి, ముసురు లేని రోజు చూసి, ఆకు అడుగున కూడా పడేలా కొట్టాలి. చేతికి గ్లౌజులు, మూతికి గుడ్డ తప్పనిసరి. బ్యాక్టీరియా మచ్చకి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి మూడు గ్రాములు కొడతారు కానీ, అది ఉన్న మచ్చని మాన్పదు, కొత్త ఆకులకి పాకకుండా కొంత ఆపుతుంది, అంతే. నా సలహా అడిగితే సగం కంటే ఎక్కువ ఆకులు పోయిన మొక్క మీద మందు కొట్టకండి. పీకేసి, ఆ చెత్త కంపోస్టు గుంటలో వేయకుండా దూరంగా తగలబెట్టండి. ఈ రెండు మచ్చలూ రాలిన ఆకుల్లోనూ విత్తనంలోనూ దాక్కుని మళ్లీ వస్తాయి. అందుకే ఆ మొక్కల నుంచి విత్తనం కూడా తీయొద్దు. వచ్చేసారి అదే మడిలో కాకుండా చోటు మార్చి వేయండి.

బూడిద తెగులు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, సంక్రాంతి మొక్కలకి అదే వస్తుంది కాబట్టి. ఇది మిగతా రెండిటిలాగా ఆకు తడిస్తేనే వచ్చేది కాదు. ఆకు పొడిగా ఉన్నా, గాలిలో చెమ్మ ఉండి, పగలు వెచ్చగా రాత్రి చల్లగా ఉంటే చాలు, మొలకెత్తుతుంది. మన ధనుర్మాసం వాతావరణం అచ్చంగా అదే. నీడలో పెరిగిన మొక్కకి, ఇరుకుగా నాటిన మొక్కకి, ముదిరిన మొక్కకి ముందు పడుతుంది. తెల్లచుక్క ఒకటో రెండో కనబడగానే ఆ ఆకులు తీసేసి, నీటిలో కరిగే గంధకం లీటరుకి మూడు గ్రాములు సాయంత్రంపూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. మందు అక్కర్లేదనుకుంటే వేపనూనె లీటరుకి అయిదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారానికోసారి. అయితే తెగులు బాగా ముదిరాక వేపనూనె ఆపలేదు, మొదట్లోనే మొదలుపెట్టాలి.

చెమ్మ జినియాని ఎంత ఇబ్బంది పెడుతుందో అంతరిక్షంలో కూడా తేలింది. ఇది మీ పాపకి చెప్పండి, ఇష్టపడుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వెజ్జీ అనే చిన్న పెట్టెలో నాసా వాళ్లు లెట్యూస్ ఆకుకూర పెంచాక, 2015 చివర్లో జినియా వేశారు. పూతకి వచ్చే, ఎక్కువ రోజులు పట్టే మొక్కని అక్కడ పెంచగలమా లేదా చూసుకుని, తర్వాత టమాటాకి వెళ్దామని వాళ్ల ఆలోచన. డిసెంబరులో మొక్కల దగ్గర చెమ్మ పెరిగిపోయింది. ఆకుల అంచుల్లో నీటిబొట్లు నిలిచి, బూజు పట్టింది. స్కాట్ కెల్లీ అనే వ్యోమగామి బూజు పట్టిన ఆకులు కత్తిరించి, ఫ్యాన్ వేగం పెంచి, నేలమీద నుంచి వచ్చిన షెడ్యూలు ప్రకారం కాకుండా మొక్కని చూసి తనే నీళ్లు పెడతానని అడిగి తీసుకున్నాడు. కొన్ని మొక్కలు పోయాయి, మిగిలినవి కోలుకుని 2016 జనవరిలో నారింజరంగు పువ్వు పూశాయి. ఆయన చేసింది మన పెరట్లో మనం చేయాల్సిందే. తడిసి చెడిన ఆకు తీసేయడం, గాలాడేలా చూడటం, లెక్కప్రకారం కాక అవసరాన్ని బట్టి నీళ్లు పోయడం.

ఇక ఎప్పుడు వేయాలి. డెల్టాలో జినియాకి మంచి కాలం కార్తీకం నుంచి ఉగాది దాకా. విత్తనం వేసిన దగ్గర్నుంచి మొదటి పువ్వు విచ్చడానికి రకాన్ని బట్టి యాభై నుంచి డెబ్భై రోజులు పడుతుంది. అంటే సంక్రాంతికి ముగ్గులో గొబ్బెమ్మ మీద బంతిపువ్వు పక్కన మీ జినియా కూడా ఉండాలంటే నవంబరు మొదటి వారానికల్లా విత్తనం పడాలి. చిక్కేమిటంటే స్వాతి, విశాఖ కార్తెలు ముసురుకి పేరు పడ్డ రోజులు. అందుకని ఆ విడత విత్తనం నేలలో వేయకండి. ప్రోట్రేలో, అంటే నారు పెంచే గుంటల ట్రేలోగాని, అడుగున చిల్లులు పెట్టిన చిన్న పేపరు గ్లాసుల్లోగాని, వెలుతురు బాగా వచ్చే చూరు కింద పెట్టి మొలిపించండి. విత్తనం మీద అర సెంటీమీటరు కంటే ఎక్కువ మట్టి వద్దు. నాలుగో రోజు నుంచి వారంలోపు మొలకొస్తుంది. మొలకొచ్చిన వెంటనే ఎండలోకి మార్చాలి, లేకపోతే కాడ సాగిపోయి పడిపోతుంది. వాన వస్తే మళ్లీ చూరు కిందికి. మొలకతో వచ్చే మొదటి రెండు ఆకులు కాక, నాలుగు నిజమైన ఆకులు రాగానే, వాన తెరిపిచ్చిన రోజు సాయంత్రం, వేరు మట్టి విడిపోకుండా నాటుకోవాలి. జినియాకి వేరు కదిలిస్తే పడదు, నారు పీకి నాటితే వారం రోజులు మొహం వేలాడేస్తుంది.

రెండో విడత జనవరి చివర్లో నేరుగా మడిలోనే చల్లుకోండి. అప్పటికి ముసురు భయం ఉండదు, మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని పూత చూడాలి. నన్నడిగితే డెల్టాలో జినియా అందం ఆ రెండో విడతదే. చామంతులు అయిపోయి, బంతి తోటలు పీకేసి, మల్లెలు అప్పుడప్పుడే మొదలయ్యే రోజుల్లో పెరట్లో ఎరుపు, నారింజ, పసుపు, గులాబీ, ఊదా, తెలుపు ఒక్కచోట ఉంటాయి. ఒక్క నీలం తప్ప జినియాలో లేని రంగు దాదాపు లేదు. లేతాకుపచ్చ పువ్వు రకం కూడా ఉంది. రోహిణీ కార్తె వడగాలికి పువ్వు చిన్నదవుతుంది కానీ, మొక్క మొదలు దగ్గర నీళ్లు తగ్గించకుండా పోస్తే మొక్క తట్టుకుంటుంది.

వానాకాలంలో కూడా ఉండి తీరాలంటే మాత్రం ఎలిగాన్స్ వేయకండి. జినియా అంగుస్టిఫోలియా అని సన్నటి ఆకులు, చిన్న పువ్వులు ఉండే ఇంకో జాతి ఉంది. దాన్నీ ఎలిగాన్స్‌నీ కలిపి జపాన్‌కి చెందిన సకాటా కంపెనీ ప్రొఫ్యూజన్ అనే రకాలు తెచ్చింది. 1999లో వాటికి అమెరికాలో ఆల్ అమెరికా సెలక్షన్స్ బంగారు పతకం వచ్చింది. పువ్వు రెండంగుళాలే, మొక్క మోకాలి ఎత్తు కూడా రాదు, కానీ బూడిద తెగులుకీ ఆకుమచ్చకీ చాలా గట్టిది. కుండీలకి అదే మేలు. విత్తనం ప్యాకెట్ ధర ఎక్కువే, దాని విత్తనం తీసి మళ్లీ వేస్తే అవే పువ్వులు వస్తాయన్న నమ్మకం లేదు.

కడియం, కడియపులంక, బుర్రిలంక వైపు నర్సరీలకి వెళ్తే ఒక మాట గుర్తుంచుకోండి. కవర్లో నిండా పూసి ఉన్న మొక్క చూడగానే చెయ్యి దాని మీదికే పోతుంది. అది కొనకండి. చిన్న కవర్లో వేరు చుట్టుకుపోయి, ఉన్న శక్తంతా పువ్వుకి పెట్టేసి ఉంటుంది, నేలలో పెట్టాక గుబురు కట్టదు. మొగ్గ కూడా రాని, పొట్టిగా, కాడ లావుగా ఉన్నది అడగండి. కింది రెండాకులు తిప్పి చూడండి. మచ్చ ఉంటే పక్కన పెట్టండి, ఆ వరసలో మొక్కలు అసలే తీసుకోకండి. అక్కడి వాళ్లు మొగ్గరాని మొక్కలు వెనక వరసల్లో పెడతారు, అడిగితే తీసిస్తారు. ఇంకా చెప్పాలంటే జినియాకి నర్సరీ దాకా వెళ్లక్కర్లేదు. ఇంత తేలిగ్గా విత్తనం నుంచి వచ్చే పువ్వు మొక్కలు తక్కువ.

చోటు విషయంలో మన కోనసీమ ఇళ్లకి, మీ పాలకొల్లు వైపు ఇళ్లకి ఒక ఇబ్బంది ఉంది. దొడ్డి నిండా కొబ్బరిచెట్లు. కొబ్బరి కింద చారలు చారలుగా పడే ఎండ కరివేపాకుకీ పసుపుకీ సరిపోతుంది, జినియాకి చాలదు. ఆరు గంటల సూటి ఎండ కావాలి. లేకపోతే కాడ సన్నగా పొడుగ్గా పెరిగి, పువ్వు బరువుకి వాలిపోయి, డిసెంబరుకి ఆకంతా తెల్లబడుతుంది. దక్షిణం వైపు గోడ పక్కన ఖాళీ ఉంటే అక్కడ, లేదా డాబా మీద కుండీల్లో వేయండి.

నేల మీ వైపు నల్లగా, జిగురుగా ఉంటుంది. జానెడు ఎత్తున మడి కట్టుకోండి. లంక ఇసుక, అంటే గోదావరి మధ్య దిబ్బల ఇసుక, చివికిన పశువుల ఎరువు, కొంచెం ఊక కలిపితే నీరు దిగిపోతుంది. లంక భూముల్లో ఉన్నవాళ్లకి ఈ శ్రమ లేదు, వాళ్ల ఒండ్రు ఇసుక జినియాకి సరిగ్గా సరిపోతుంది. కుండీల కోసం కొబ్బరిపొట్టు వాడితే ముందు రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగండి. సముద్రం వైపు కొన్నిచోట్ల పీచు తీయడానికి డొక్కల్ని ఉప్పునీళ్లలో నానబెడతారు, ఆ ఉప్పు పొట్టులో ఉండిపోతుంది. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పెక్కిన బోరు నీళ్లు కూడా వద్దు, కాలువ నీళ్లో వాన నీళ్లో పట్టి పోయండి. యూరియా జోలికి పోకండి. ఆకు ఏపుగా వస్తుంది, ఆ ఏపు ఆకే తెగులుకి ముందు చిక్కుతుంది. నాటేటప్పుడు గుప్పెడు వర్మీకంపోస్టు, మొగ్గ దశలో ఇంకో గుప్పెడు చాలు.

మొక్కకీ మొక్కకీ మధ్య అడుగు దూరం వదలండి. చిన్నప్పుడు ఖాళీగా కనబడుతుంది, నెలన్నరకి అదే సరిపోతుంది. నీళ్లు పొద్దున్నపూట, మగ్గుతో, మొక్క మొదలు దగ్గర. పైపు పెట్టి తలమీద నుంచి కొట్టడం మానేయండి. వర్షపు చినుకు, పైపు నీళ్లు రెండూ నేలమీద మట్టిని ఎగరగొట్టి కింది ఆకులకి అంటిస్తాయి, మచ్చ తెగులు ఎక్కేది ఆ దారినే. అందుకే మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే తెగులు చాలావరకు ఆగుతుంది. మొక్క జానెడు దాటగానే తల తుంచండి, రెండు మూడు జతల ఆకులు కింద ఉంచి. మనసొప్పదు కానీ, తుంచిన చోట నుంచి నాలుగైదు కొమ్మలు వస్తాయి, కొమ్మకో పువ్వు. ఆకులు ముడుచుకుపోయి, ఈనెలు లావై, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు, ఆ మొక్క తీసేసి మిగతావాటిని కాపాడుకోవడమే.

ఇప్పుడు పువ్వు దగ్గరికి వద్దాం. ఎన్నాళ్లు నిలవాలి అని అడిగారు. మొక్క మీద ఒక్కో పువ్వు రెండు మూడు వారాలు తేలిగ్గా ఉంటుంది, చలికాలంలో ఇంకా ఎక్కువే. మందారం పొద్దున్న విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది, గులాబీ నాలుగైదు రోజులకి రేకలు రాలుస్తుంది. జినియా ఎందుకు రాల్చదో తెలుసుకోవాలంటే ఒక ఒంటిరెక్క పువ్వు, అంటే ఒక వరస రేకలే ఉన్నది, కోసి అరచేతిలో పెట్టుకోండి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పూల గుంపు. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, జినియా అన్నీ ఒక కుటుంబమే. నడుమ బొడిపెలా ఉన్నచోట చిన్న చిన్న పసుపు నక్షత్రాలు కనబడతాయి, ఒక్కొక్కటీ అయిదు కొనల పూర్తి పువ్వు. అవి ఒకేసారి విచ్చవు. బయటి వలయం ముందు, తర్వాత లోపలిది, అలా రోజుకి కొన్ని. నడిమి బొడిపె పైకి లేస్తూ పోతుంది. సీతాకోకచిలుకలు అదే పువ్వుకి రోజూ రావడానికి కారణం అదే, రోజూ కొత్త తేనె ఉంటుంది.

ఇక చుట్టూ ఉన్న రంగు రేక ఒకటి పట్టుకుని నెమ్మదిగా లాగండి. అడుగున చిన్న విత్తనం తగులుకుని వస్తుంది. ఈ రేక విత్తనం నెత్తినే నేరుగా అతుక్కుని ఉంటుంది. గింజ ముదిరినా రేక ఊడిపోదు, రంగు కొంచెం వెలిసి కాగితంలా గట్టిపడుతుంది. చామంతి కుటుంబంలో చాలా పువ్వులకి రేక వాడి రాలిపోతుంది, జినియాకి ఆ అలవాటు లేదు. అందుకే నెలరోజుల నాటి పువ్వు కూడా ఇంకా పువ్వులాగే కనబడుతుంది. ముద్ద జినియాల్లో నడిమి పసుపు పువ్వుల చోట కూడా ఈ రేకలే వరసలు వరసలుగా ఉంటాయి.

కోసి గదిలో పెట్టుకుంటే వారం, పది రోజులు ఉంటుంది, సరైన దశలో కోస్తేనే. రంగు వచ్చింది కదాని సగం విచ్చినదాన్ని కోస్తే మర్నాటికి మెడ వాలుస్తుంది, ఎన్ని నీళ్లు పోసినా లేవదు. కోసేముందు పువ్వు కింద జానెడు దూరంలో కాడ పట్టుకుని అటూ ఇటూ ఊపండి. మెడ వంగి ఊగితే ఇంకా లేతది, కర్రలా నిలబడితే కోయొచ్చు. నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసేయాలి, రోజు విడిచి రోజు నీళ్లు మార్చాలి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, జినియా చలికి తట్టుకోలేదు. వాసన ఉండదు, దండ కట్టడానికి బంతే మేలు. జినియాని కాడతో సహా చూసుకోవాలి. కోసేకొద్దీ కొత్త కొమ్మ వేస్తుంది కాబట్టి పువ్వు కోయడానికి జంకకండి.

ఇక మీ పాప అడిగిన ప్రశ్న. జినియా అనేది ఒక మనిషి పేరు మీద పెట్టిన పేరు. యోహాన్ గాట్‌ఫ్రీడ్ జిన్ అని జర్మనీ దేశస్థుడు, 1727లో ష్వాబాఖ్ అనే ఊళ్లో పుట్టాడు. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో హాలర్ అనే గొప్ప వైద్యశాస్త్రవేత్త దగ్గర చదువుకుని, 1753లో అక్కడే వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. మొక్కలు ఒక చేత్తో, శరీర శాస్త్రం ఇంకో చేత్తో నడిపాడు. 1755లో మనిషి కన్ను నిర్మాణం మీద పుస్తకం రాశాడు. కంటిలో కటకాన్ని చుట్టూ లాగిపెట్టి ఉంచే సన్నటి పోగులు ఉంటాయి, వాటిని ఇప్పటికీ కంటి డాక్టర్లు జిన్ పేరుతోనే పిలుస్తారు. మీ పాపకి తాతయ్యో అమ్మమ్మో శుక్లాల ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఇలా చెప్పండి: మసకబారిన కటకం తీసి కొత్త లెన్సు పెట్టేది ఒక పల్చటి సంచిలో, ఆ సంచిని పట్టి ఉంచేవి ఆ పోగులే. కంటి వెనకవైపు కండరాలు మొదలయ్యే వలయానికి కూడా ఆయన పేరే ఉంది.

మొక్కలకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1759లో ఈ జాతికి జినియా అని పేరు పెట్టాడు. అదే ఏడు ఏప్రిల్‌లో జిన్ చనిపోయాడు, ముప్పై ఒక్క ఏళ్లకే. అప్పటికి వాళ్లకి తెలిసిన జినియా మన ముద్ద పువ్వు కాదు. అది జినియా పెరూవియానా అనే చిన్న ఒంటిరెక్క పువ్వు, ఎరుపో పసుపో. మన ఎలిగాన్స్ ఐరోపాకి చేరింది 1796లో, ముద్ద పువ్వులు వచ్చింది 19వ శతాబ్దం మధ్యలో. జిన్ మెక్సికో అడవుల్లో తిరిగి దొంగలకి చిక్కి, ఈ పూలు చూపించి బయటపడ్డాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అది పాపకి చెప్పకండి. ఆయన పనంతా జర్మనీలోనే, తోటకి వచ్చిన మొక్కల మీదే. ఇంకో సంగతి కావాలంటే, అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి 1931 నుంచి 1957 దాకా రాష్ట్ర పుష్పం జినియానే.

విత్తనం దాచుకోవాలంటే, తెగులు లేని మొక్క మీద మంచి పువ్వు ఒకటి రెండు కోయకుండా వదిలేయండి. తల గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే గలగలలాడాక, మంచు ఆరిన తర్వాత మధ్యాహ్నం కోసి నీడలో వారం ఆరబెట్టండి. చేత్తో నలిపితే రెండు రకాల గింజలు రాలతాయి. రేక అడుగునవి లావుగా మూడు పలకలతో ఉంటాయి, నడిమివి పల్చగా చదునుగా ఉంటాయి. రెండూ మొలుస్తాయి, ఏదీ పారేయక్కర్లేదు. గాజుసీసాలో వేసి మూత గట్టిగా పెట్టండి. కవర్లో కట్టి అటక మీద పెడితే మన చెమ్మకి మొలక శక్తి పోతుంది. వేరే రంగులు పక్కపక్కనే ఉంటే తుమ్మెదలు కలిపేస్తాయి, ఎర్రపువ్వు గింజకి గులాబీ రంగు రావచ్చు. నాకైతే అలా వచ్చిన రంగులే ఎక్కువ ఇష్టం.

ఈసారికి పాత మొక్కలు తీసేసి, మడి ఎత్తు చేసి, గ్లాసుల్లో విత్తనం పెట్టండి. కొత్త మొక్కల్లో ఎక్కడన్నా మచ్చ కనబడితే మందు కొట్టేముందు ఆ ఆకు వెలుతురుకి పెట్టి ఒక ఫొటో, అడుగువైపు తిప్పి ఇంకో ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. ఏ తెగులో చూసి చెప్తాను.